మసి పూసి రైలింజను చేయడం

కొత్త టీవీ కొన్న ఇంట్లో రిమోటుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఎన్నాళ్లకూ ఊడదు. కింద అంకెలు కనబడనంతగా మాసిపోతుంది, నొక్కీ నొక్కీ మూలల్లో చిరుగుతుంది, అయినా ఎవరూ తీయరు. కొత్త కారు సీట్ల మీది పాలిథిన్ కూడా అంతే, ఎండాకాలం వచ్చి వీపు కాల్చేదాకా ఉంటుంది. కొత్తదనాన్ని వీలైనన్ని రోజులు పట్టి ఉంచాలన్న ఈ ఆరాటానికి సరిగ్గా ఎదురు నడిచే మనుషులు కొందరున్నారు. ఇంగ్లండులో ఒకాయన రెండు వందల పౌండ్లకు పైగా పోసి, జానెడుకు కాస్త మించిన రైలింజను మోడలు కొంటాడు. పెట్టె విప్పుతాడు. నిగనిగలాడే ఆ నలుపును, వెంట్రుకంత సన్నని ఎర్రగీతల్ని, అచ్చు గుద్దినట్టున్న నంబరును తృప్తిగా చూసుకుంటాడు. ఆ తర్వాత దాని మీద మసి పూస్తాడు. జిడ్డు పట్టిస్తాడు. సున్నపు మరకలు కారుస్తాడు. డబ్బిచ్చి కొన్న కొత్తదనాన్ని తన చేతుల్తోనే చెరిపేస్తాడు. ఎందుకు? దీన్ని కళ అనాలా, చాదస్తం అనాలా?

అడిగితే వచ్చే మొదటి జవాబు ఒకటే: కొత్తది బొమ్మలా ఉంటుంది. నిజమే. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే ఓఓ స్కేలులో అసలు ఇంజను 76వ వంతుకు తగ్గుతుంది. అంటే టేబులు మీది మోడలును రెండడుగుల నుంచి చూస్తున్న మనిషి, నిజం ఇంజనుకు 150 అడుగుల అవతల నిలబడ్డట్టు లెక్క. అంత దూరంలో ఏ నలుపూ నల్లగా ఉండదు. మధ్యలో ఉన్న గాలి, తేమ, వెలుతురు దాన్ని కాస్త బూడిద వైపు, కాస్త గోధుమ వైపు లాగేస్తాయి. ఏ మెరుపూ కళ్లలోకి తళుక్కుమని కొట్టదు. పెట్టెలోంచి తీసిన మోడలు మాత్రం చెయ్యి చాపితే అందే వస్తువులాగే మెరుస్తుంది, కన్ను ఆ తేడాను ఇట్టే పట్టేస్తుంది. అందుకే వెదరింగ్, అంటే మోడలును ఇలా మాసినట్టు చేసే పని, చేసేవాళ్లు మురికి పూయడం కన్నా ముందు మెరుపును చంపుతారు, మ్యాట్ వార్నిషు ఒక పొర కొట్టి. అచ్చమైన నలుపు డబ్బాను దాదాపు ముట్టుకోరు. తుపాకి లోహపు రంగులో తోలు రంగు కలిపి, అందులో చిటికెడు నలుపు వేసి తయారుచేసుకున్న పేరులేని రంగే వాళ్లకు నలుపు.

ఇక్కడో తమాషా ఉంది. ఇదే ఓఓ స్కేలులో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అసలు లెక్క ప్రకారం 18.83 ఉండాలి. ఆ తేడాను నిజం పట్టాలకు పెంచి చూస్తే ఏడంగుళాలు ఇరుకు. చరిత్రలో ఎప్పుడో జరిగిన సర్దుబాటు, అలాగే నిలిచిపోయింది. పట్టాలు ఏడంగుళాలు తప్పినా ఓర్చుకునే కన్ను, బాయిలరు మీద కాస్త మెరుపును ఎందుకు ఓర్చుకోదు? మనం వస్తువును కొలతలతో కాక దాని పైపొరతోనే నమ్ముతామేమో.

సరే, వాడగా వాడగా మోడలుకూ దుమ్ము పడుతుంది కదా, దాన్నే తుడవకుండా వదిలేస్తే పోలేదా? పోదు. దుమ్ముకు స్కేలు లేదు. మిల్లీమీటరులో పదో వంతున్న నలుసు 76 రెట్లు పెరిగితే శనగగింజంత అవుతుంది, దుప్పటి నుంచి రాలిన నూలుపోగు పొగగొట్టానికి చుట్టుకున్న మోకవుతుంది. ఇంటి దుమ్ము పడ్డ మోడలు బాగా పనిచేసిన ఇంజనులా కనబడదు, అటక మీద మరచిపోయిన బొమ్మలా కనబడుతుంది. కనక నిజం దుమ్మును మెత్తటి బ్రష్షుతో ఊడ్చి, జిడ్డు తుడిచి, ఆ శుభ్రమైన ఒంటి మీద అబద్ధపు దుమ్మును అద్దాలి. చక్రాల సంగతి ఇంకా విచిత్రం. కరెంటు పట్టా నుంచి చక్రం అంచు గుండానే మోటారుకు అందాలి. అందుకని చక్రం ముఖానికి నూనె జిడ్డు, బ్రేకు ధూళి ఎంత బాగా పట్టించినా, పట్టాను తాకే అంచును మాత్రం అద్దంలా తుడవాలి. లేకపోతే చూడ్డానికి ఎన్నో ఏళ్లు పరుగెత్తినట్టున్న ఇంజను అంగుళం కూడా కదలదు.

ఈ విద్యలో చేతి నేర్పు కన్నా ముందు కావలసింది బొగ్గింజను ఎలా పనిచేసేదో తెలియడం. దాని ఒంటి మీద కారణం లేని మరక ఒక్కటీ ఉండదు. పొగగొట్టం నుంచి లేచిన మసి పైకప్పు మీద, బాయిలరు వీపు మీద పడుతుంది, పక్కలకు జారేకొద్దీ పలచబడుతుంది. ముందు భాగంలోని పొగపెట్టె వేడికి అక్కడి రంగు నిలవదు, నలుపు కాస్తా పాలిపోయి బూడిదవుతుంది. రోజూ ఆ పెట్టె తలుపు తీసి లోపల పేరుకున్న బూడిదను పారతో ఎత్తిపోస్తారు కనక ముందున్న మెట్టు మీద ఎప్పుడూ కాస్త బూడిద మిగిలిపోతుంది. నీళ్లలో సున్నం ఎక్కువున్న ప్రాంతాల్లో తిరిగే ఇంజనుకు, ఆవిరి చిమ్మే చోట్ల నుంచి, బాయిలరు కడిగేందుకు పెట్టిన మూతల దగ్గర నుంచి తెల్లటి చారలు కిందికి కారి ఉంటాయి. బాయిలరులోకి నీళ్లు పంపే ఇంజెక్టరు నుంచి బొట్టుబొట్టుగా కారే నీరు తన కిందున్న భాగాన్నే కడుగుతుంది. చుట్టూ మురికి, అక్కడొక్కచోట తడి. చక్రాల్ని తిప్పే కడ్డీల మీద నూనె, నూనెకు అంటిన ధూళి. పట్టు జారకుండా చక్రాల ముందు చల్లే ఇసుక కోసం ఒక పెట్టె, ఆ పెట్టె నింపేటప్పుడు ఒలికిన ఇసుక ఒక చార. బ్రేకు దిమ్మలు అరిగి రాలిన ఇనుప పొడి ఇంజను కడుపు కిందంతా గోధుమరంగు పులిమేస్తుంది. ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండరులోకి నీళ్లు పట్టేటప్పుడు పొంగి పొర్లిన నీటి జాడ దాని పక్కల మీద గీతలుగా ఆరిపోతుంది.

పట్టుకుని ఎక్కే కడ్డీలు మాత్రం మెరుస్తాయి. డ్రైవరు చెయ్యి, ఫైర్‌మ్యాను చెయ్యి రోజుకు ఎన్నిసార్లు తగిలేవో కదా. మెట్టు మధ్యలో బూటు ఆనేచోట రంగు లేచిపోయి ఇనుము కనబడుతుంది. మోడలు మీద ఆ ఇనుమును చాలామంది మెత్తటి పెన్సిలు గ్రాఫైటును రుద్ది తెస్తారు. ఇంత చవకైన పనిముట్టుతో వచ్చే ఈ చిన్న మెరుపు, ఎయిర్‌బ్రష్షుతో చల్లిన పొరలన్నిటికన్నా ఎక్కువ ప్రాణం పోస్తుంది. మసి ఇంజను పని చేసిందని చెబుతుంది, ఈ అరుగుదల దాన్ని మనుషులు నడిపారని చెబుతుంది.

తుప్పు విషయంలో కొత్తవాళ్లు తొందరపడతారు. పాతదంటే తుప్పే అన్న లెక్కలో నారింజరంగు పొడిని ఒళ్లంతా రాసేస్తారు. పనిలో ఉన్న బొగ్గింజనుకు నూనె, మసి ఎక్కువ, తుప్పు తక్కువ. నిండా తుప్పు పట్టిందంటే ఆగిపోయిందని అర్థం. బ్రిటన్‌లో అలాంటి దృశ్యం వేల్స్ తీరంలోని బ్యారీ పట్టణంలో ఉండేది. డై వుడ్‌హమ్ అనే పాత ఇనుము వ్యాపారి అక్కడ 297 ఇంజన్లు కొని పెట్టాడు. వ్యాగన్లను ముందు విరగ్గొట్టడంతో చాలా ఇంజన్ల వంతు రాలేదు, అవి సముద్రపు గాలికి ఏళ్ల తరబడి నిలబడిపోయాయి. వాటిలో 213ను రైలు అభిమానులు చందాలు పోగేసి కొనుక్కుపోయారు. బ్యారీ యార్డును మోడలుగా కడుతున్నవాడికి నారింజరంగు కావాలి. నడుస్తున్న గూడ్సు బండికి దాన్ని పూస్తే శవాన్ని నడిపించినట్టే.

ఇంతకీ అంత మురికి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న దగ్గర విషయం రంగుల డబ్బాలు దాటి వేరేచోటికి పోతుంది. ఒకప్పుడు బ్రిటిష్ రైల్వేల్లో ఉద్యోగం ఇంజను తుడవడంతోనే మొదలయ్యేది. పదిహేను పదహారేళ్ల కుర్రాడు క్లీనరుగా చేరి, నూలు పీచును కిరసనాయిలులో ముంచి బాయిలరు తుడిచి, ఏళ్లు గడిస్తే ఫైర్‌మ్యాను, ఇంకా గడిస్తే డ్రైవరు అయ్యేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ఆ వరసను చెడగొట్టింది. యుద్ధం తర్వాత ఫ్యాక్టరీల్లో ఇంతకన్నా శుభ్రమైన పని, ఇంతకన్నా మంచి జీతం దొరుకుతుంటే తెల్లవారుజామున మసి తుడిచేందుకు ఎవరు వస్తారు? 1948లో రైల్వేలు జాతీయమయ్యేనాటికి 20,000కు పైగా బొగ్గింజన్లున్నాయి. 1955 నాటి ఆధునికీకరణ ప్రణాళిక వాటన్నిటికీ వీడ్కోలు రాసేసింది. పోయేదానికి సింగారం దేనికన్నారు. చాలా షెడ్లలో డ్రైవరు నిలబడే క్యాబు పక్కనున్న నంబరు మీద మాత్రం గుడ్డతో ఓసారి రుద్దేవారు, అదీ నంబరు చదవాలి కనక. ఆ కాలపు ఫొటోల్లో ఒళ్లంతా మట్టిరంగు, నంబరు చుట్టూ మాత్రం ఒక చెయ్యి ఊపినంత మేర శుభ్రం. మంచి మోడలర్లు ఈ ఒక్క జాడను వదలరు.

ఇంజన్ల ఆయుష్షు చూస్తే ఆ మురికి ఇంకా గుచ్చుకుంటుంది. 9ఎఫ్ అనే బరువు బండ్ల ఇంజన్లు 1954 నుంచి 1960 వరకు 251 తయారయ్యాయి. చివరిది 1960 మార్చిలో స్విండన్‌లో పూర్తయిన ఈవెనింగ్ స్టార్, బ్రిటిష్ రైల్వేస్ కట్టిన ఆఖరి బొగ్గింజను. ఆకుపచ్చ రంగు, రాగి అంచు పొగగొట్టం. అయిదేళ్లకే, 1965లో, దాన్ని సర్వీసు నుంచి తీసేశారు. ఇప్పుడది జాతీయ రైల్వే మ్యూజియం సొత్తు. కాబట్టి 9ఎఫ్‌కు వెదరింగ్ చేసేవాడు ‘పాత ఇంజను’ను తయారు చేస్తున్నానని అనుకుంటే పొరపాటు. అవి ముసలివై మాసిపోలేదు. నిండు వయసులోనే తుడిచే దిక్కులేక మాసిపోయాయి.

ఆ చివరి సంవత్సరాల్లో ఇంకొక సంగతి జరిగింది. కొందరు కుర్ర ఫొటోగ్రాఫర్లు రాత్రిళ్లు షెడ్లలోకి చొరబడి, మర్నాటి ఫొటో కోసం తామే ఇంజను తుడిచేవారు. జీతం లేదు, అనుమతీ లేదు. 1968 ఆగస్టు 11న లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్ మీదుగా కార్లైల్ దాకా వెళ్లి తిరిగొచ్చిన ‘ఫిఫ్టీన్ గినీ స్పెషల్’తో బ్రిటిష్ రైల్వేస్ ప్రధాన లైన్లలో బొగ్గింజను ప్రయాణాలు ముగిశాయి. టికెట్టు ధర పదిహేను గినీలు, అదే పేరయింది. ఇప్పుడు లెక్క చూడండి. కళ్లముందు నిజం ఇంజను మసితో నిలబడ్డప్పుడు అభిమాని దాన్ని తుడిచాడు. అది మాయమయ్యాక, తళతళలాడే మోడలు చేతికొస్తే దానికి మసి పూస్తున్నాడు. రెండు పనుల్లోనూ ఉన్నది ఒకే ప్రేమా? అవుననే అనిపిస్తుంది. ఉన్నప్పుడు దాన్ని నిలపాలనుకున్నాడు, పోయాక దాన్ని ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోవాలనుకున్నాడు.

అమెరికాలో మసి పూసే ఈ పిచ్చికి ఆద్యుల్లో ఒకడు జాన్ అలెన్. కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంటి కింది గదిలో గోరీ అండ్ డెఫీటెడ్ అనే కల్పిత రైల్వేను హెచ్ఓ స్కేలులో కట్టాడు. స్వతహాగా ఫొటోగ్రాఫర్. తోటివాళ్లందరూ రంగు మెరిసే ఇంజన్లు నడుపుకుంటున్న రోజుల్లో ఆయన బండ్లు, కొయ్య ఇళ్లు, వంతెనలు మాసి, వెలిసి ఉండేవి. ఆ ఫొటోలు పత్రికల్లో చూసి ఒక తరం మోడలర్లు మారిపోయారు. ఆయన హాస్యం కూడా చెప్పుకోదగ్గది. వాస్తవికతకు పేరు మోసిన ఆ లేఅవుట్‌లో యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ తోసేందుకు ఎమ్మా అనే స్టెగోసారస్ ఉండేది, అంటే రాక్షసబల్లి! 1973 జనవరిలో ఆయన చనిపోయాడు. కొద్ది రోజులకే లేఅవుట్ చాలామటుకు మంటల్లో కాలిపోయింది. మసిని అంత మక్కువగా వేసినవాడి రైల్వే అలా ముగియడం గురించి ఏమనాలో తోచదు. బ్రిటన్‌లో మార్టిన్ వెల్చ్ రాసిన, 1993లో వచ్చిన ‘ది ఆర్ట్ ఆఫ్ వెదరింగ్’ ఇప్పటికీ చాలామంది బల్ల మీద రంగు మరకలతో కనబడే పుస్తకం.

పని మాత్రం బయటివాళ్లు ఊహించుకున్నంత రౌద్రంగా ఉండదు. మురికి రంగును బాగా పలచన చేసి ఇంజనంతా పూస్తారు, ఆరీ ఆరకముందే చదును బ్రష్షుతో, దూది పుల్లలతో పైనుంచి కిందికి తుడిచేస్తారు. రివెట్ల చుట్టూ, మూలల్లో, మెట్ల సందుల్లో చిక్కుకున్నదే మిగులుతుంది. వాన కూడా అటే కడుగుతుంది, క్లీనరు గుడ్డ కూడా అక్కడే చేరలేకపోతుంది. అంటే పూసే సమయం కన్నా తుడిచే సమయమే ఎక్కువ. మురికి విద్యగా పేరుపడ్డ ఈ పని, సగానికి పైగా క్లీనరు కుర్రాడి పనే! ఆ మీద పొడిరంగులు, ఎయిర్‌బ్రష్షుతో పొగగొట్టం వెనక ఒక పలచటి నీడ. ఆపదలూ ఉన్నాయి. పొడి మీద వార్నిషు కొడితే సగం పొడి కంటికి కనబడకుండా పోతుంది. మ్యాట్ వార్నిషు మీద ఆల్కహాలు తగిలితే పాలు విరిగినట్టు తెల్లబడుతుంది. కొందరు గడుసువాళ్లు ఆ తెలుపునే ఎండకు వెలిసిన రంగుగా వాడుకుంటారు.

అయినా అందరూ భయపడేది మొదటి గీతకే. అందమైన పసివాడి బుగ్గన తల్లి దిష్టిచుక్క పెట్టినట్టు ఒక చిన్న మరక పెట్టి ఊరుకుందామనుకుంటారు. అలా పెట్టిన ఒక్క మరక మరింత అబద్ధంగా కనబడుతుంది, దాంతో పక్కన ఇంకోటి, దాన్ని కప్పేందుకు మరోటి.

ఇంతకీ ఇది మసి పూసి మారేడుకాయ చేయడమేనా? అనుమానం న్యాయమైనదే. చేయని పనికి అలసట నటించడం, పడని వానకు మరకలు పెట్టడం. చిరిగినట్టు కుట్టిన జీన్సు ప్యాంటుకూ దీనికీ తేడా ఏమిటి? తేడా ఫొటోలో ఉంది. జీన్సు చిరుగు ఫలానా మనిషి, ఫలానా రోజున పడ్డ కష్టానికి గుర్తు కాదు. మంచి వెదరింగ్ ఫలానా నంబరు ఇంజను, ఫలానా షెడ్డులో, ఫలానా ఏడాదిలో ఎలా ఉందో ఫొటో పెట్టుకుని చేసేది. ఆ మాట మీద నిలబడితే, ఫ్యాక్టరీలోనే మురికి చల్లి అమ్మే మోడళ్ల విషయంలో మొహమాటం అక్కర్లేదు. చక్రాల మీద ఒక గోధుమ పొర, కప్పు మీద ఒక నల్ల పొర, పెట్టె పెట్టెకూ అదే. ఏ ఇంజనుకూ చెందని మురికి అది, డబ్బు దండగ. మెరుపు ఇంజను కొని అలాగే ఉంచుకోవడమే నయం. ఇంకో సంగతి. చేత్తో మసి పూసిన మోడలును మళ్లీ అమ్మబోతే పెట్టె చెరగని కొత్త సరుకు కోరే సేకర్తలు ముఖం తిప్పుకుంటారు, పేరున్న చెయ్యి పూసిందైతే అదే మసికి ఎక్కువిచ్చేవాళ్లూ ఉంటారు.

బ్రిటిష్ మసి చూసి నేర్చుకున్నవాడు మన బండ్ల మీదికి వస్తే చెయ్యి మార్చుకోవాలి. బైలదిల్లా గనుల నుంచి అరకు కొండల మీదుగా విశాఖపట్నం ఓడరేవుకు ఇనుప ఖనిజం మోసే కొత్తవలస–కిరండూల్ లైనులో వ్యాగన్ల మురికి నలుపు కాదు, ఎర్రమన్ను రంగు. అది తుప్పూ కాదు, మోసిన సరుకు. సింగరేణి బొగ్గు మోసే వ్యాగను అంచుల మీద నల్లటి పొడి, సిమెంటు ఫ్యాక్టరీ సైడింగులో నిలిచిన దాని మీద బూడిద తెలుపు. ఏ బండి ఏ దారిన తిరిగిందో ఒంటి మీదే రాసి ఉంటుంది. స్టేషనులో గూడ్సు బండి అడ్డంగా నిలబడి విసిగించినప్పుడు ఆ రాత చదవడం మంచి కాలక్షేపం.

మన బొగ్గింజన్ల మసి సంగతి మాత్రం తేలడం కష్టం. బ్రాడ్‌గేజి మీద వాటి కాలం 1995 డిసెంబరుతో ముగిసింది. మ్యూజియంలో, స్టేషను ముందు దిమ్మె మీద నిలబెట్టిన ఇంజన్లకు మళ్లీ మళ్లీ కొత్త రంగు వేస్తారు, వాటిని చూసి పనిరోజుల రంగు తెలుసుకోలేం. ఆ రంగు ఎక్కడైనా మిగిలితే రైల్వే కుటుంబాల ఇళ్లలో మిగలాలి. బిట్రగుంటలో, కాజీపేటలో, గుంతకల్లులో లోకో షెడ్డు జీతం మీద పెరిగిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. తాతగారు ఫైర్‌మ్యానుగా ఇంజను పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో మీ ఇంట్లో ఉంటే, దాని వెనక ఊరు, సంవత్సరం, కనబడితే ఇంజను నంబరు పెన్సిలుతో రాసి పెట్టండి. ఇంజను ఏ రంగులో ఉండేదో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను అడిగి అదీ రాయండి.